గడువు దాటిన కవరు

3 సెప్టెంబర్ 1973, సోమవారం

బేరింగుల కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఏప్రిల్ 11 దాకా ఆఫీసు సంగతులు రాసి ఉన్నాయి. ఆ తర్వాత అన్నీ తెల్ల పేజీలు. వృథా చేయడం ఎందుకని మళ్ళీ మొదలుపెడుతున్నాను.

ఈ రోజు రాజేశం మా పర్చేజ్ సెక్షన్‌కి వచ్చాడు. ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఎల్.టి.సి. ఫైళ్ళు చూసేది అతనే. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వస్తాడు. నా బల్ల అంచున కూర్చుని టీ తాగుతూ నాలుగేళ్ళ బ్లాకు ఈ డిసెంబర్ 31తో అయిపోతుందని గుర్తు చేశాడు. కంపెనీ ఖర్చుతో కుటుంబాన్ని తీసుకుని దేశంలో ఎక్కడికైనా వెళ్ళిరావచ్చు. మా సెక్షన్‌లో ఇంతవరకు వాడుకోనిది నేనొక్కణ్ణేనట.

“ముప్పై ఒకటి లోపల రైలెక్కాలె రావుసాబ్. ఒకటో తారీఖు ఎక్కితే అది మీ సొంత షికారు. కంపెనీకి తెల్వదు.”

చూద్దాం అన్నాను.

మా ఆవిడ నాగేశ్వరికీ ఇదే మాట చెప్పేవాణ్ణి. మొదటి ఏడు ప్రొడక్షన్ టార్గెట్. తర్వాతి ఏడు యుద్ధం. నిరుడు ప్రత్యేక రాష్ట్రం ఆందోళన, రైళ్ళు నడవలేదు. కారణాలు అన్నీ నిజమే. తను అడిగింది సముద్రం ఒడ్డున నాలుగు రోజులు. అంతకంటే ఏమీ అడగలేదు.

4 సెప్టెంబర్

వెళ్ళాలి. పిల్లల కోసమే.

6 సెప్టెంబర్

అన్నాల దగ్గర చెప్పాను. కమల చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. సముద్రం మంజీరా కంటే పెద్దదా అని అడిగింది. ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఈ కంపెనీ టౌన్‌షిప్‌లో పుట్టింది, చూసిన నీళ్ళల్లా మంజీరావే. చాలా పెద్దదన్నాను. ఎన్ని మంజీరాలు అంది. హైమ నవ్వింది. నెలల తర్వాత ఆ పిల్ల నవ్వడం చూశాను. పద్నాలుగు నడుస్తున్నాయి. తల్లి పోయాక నాతో అవసరానికి మించి మాట్లాడదు.

నవ్వు ఆగాక అడిగింది, “కోవళమేనా?”

కోవళం సంగతి అందరికీ తెలుసు. నిరుడు కాంటీన్‌లో పంచిన క్యాలెండర్‌లో మార్చి నెల బొమ్మ అది. అర్ధచంద్రంలా తీరం, కొబ్బరిచెట్లు, నల్ల బండలు. నెల కాగానే నాగేశ్వరి బొమ్మ కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అతికించింది. తలుపు తెరిచిన ప్రతిసారీ కనిపిస్తుంది.

కోవళం త్రివేండ్రం అవతల, బాగా దూరం, మద్రాసులో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి మారాలి అన్నాను. మూడు చోట్ల నుంచి కొటేషన్లు పిలిచి పద్ధతిగా తేలుద్దాం అన్నాను. హైమ పళ్ళెం తీసుకుని లేచింది.

8 సెప్టెంబర్

మా అత్తగారికి ఇష్టం లేదు. వెంకటరమణమ్మగారు కాకినాడ నుంచి ఏప్రిల్‌లో వచ్చి మాకోసం ఉండిపోయారు. ఆవిడ మాటకి ఎదురు చెప్పలేను. “ఏడాది తిరక్కుండా విహారాలేంటి బాబూ? నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు. బ్లాకు డిసెంబర్‌తో పోతుందని చెప్పాను. ఆ లెక్క నాకు తెలీదు, ఈ లెక్క నాకు తెలుసు అన్నారు.

కమల ఏడుస్తూ పడుకుంది.

10 సెప్టెంబర్

ఆవిడే వచ్చి చెప్పారు. రెండు రోజులు ఆలోచించినట్టున్నారు.

“కొండెక్కకూడదు, గుళ్ళోకి వెళ్ళకూడదు అన్నారు గానీ, సముద్రం దగ్గరికి పోవద్దని ఎవరూ అన్లేదు. దాని అస్థికలు గోదాట్లో కలిపాం. గోదారి పోయేది ఎక్కడికి? వెళ్ళిరండి. క్షేత్రాలకి మాత్రం వద్దు.”

మీరూ రండి అన్నాను. చూసిన సముద్రం చాలు, ఇల్లు ఎవరు చూస్తారు అన్నారు.

15 సెప్టెంబర్

మూడు ఉత్తరాలు పోస్టు చేశాం. పూరీ, గోవాలో కలంగూట్, మహాబలిపురం. అడ్రసులు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి టూరిస్టు ఆఫీసులో దొరికాయి. రైల్వే టైంటేబిలూ కొన్నాను. పూరీకి ఉత్తరం రాసేశాక అత్తగారి షరతు గుర్తొచ్చింది. మూడు కొటేషన్లు ఉండాలి కాబట్టి పంపేశాను.

ఆఫీసులో పద్ధతి పిల్లలకి వివరించాను. గడువు అక్టోబర్ 20, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. అప్పటిదాకా వచ్చిన కవరు ఏదీ విప్పకూడదు. మూడింటికి అందరి ముందూ విప్పాలి. చూసినవాళ్ళు ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాలి. గడువు దాటి వచ్చినదాన్ని విప్పకుండా పంపినవాళ్ళకే తిప్పి పంపాలి.

ఎందుకలా, ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుంది అంది కమల. ఒకరికి ఒక్కరోజు ఇస్తే ఇంకొకరికి రెండు రోజులు ఇవ్వాల్సి వస్తుందన్నాను.

కమల ఖాళీ బిస్కట్ డబ్బాకి మూతలో చీలిక పెట్టించి టెండర్ బాక్సు చేసింది.

19 సెప్టెంబర్

టైంటేబిల్ చదువుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను. మంచి పుస్తకం.

30 సెప్టెంబర్

కమల గచ్చు మీద బోర్లా పడుకుని ఈత నేర్చుకుంటోంది. గిన్నెలు తోమడానికి వచ్చిన పోశమ్మ దాన్ని దాటుకుంటూ తిరుగుతోంది. బీరంగూడ నుంచి వస్తుంది ఆవిడ. ఈ ఇంట్లో ఏడేళ్ళుగా పనిచేస్తోంది. నా దగ్గరికి వచ్చి కొంగు సర్దుకుని అడిగింది.

“సముద్రం నీళ్ళు ఉప్పగుంటయంటరు. నిజమేనా సారూ?”

నిజమే అన్నాను.

“మా ఇంట్ల ఎవ్వలు నమ్మరు. గన్ని నీళ్ళల్ల ఉప్పెవడు కలిపిండు అంటరు. నాకొక్క సీస తెండ్రి. మంచియి, ఇసుక లేనియి. మీ చేతులతోటి ముంచుకొస్తేనే నమ్ముత.”

సరే అన్నాను. హార్లిక్స్ సీసా ఒకటి కడిగి కిటికీలో పెట్టింది.

6 అక్టోబర్

పూరీ కవరు వచ్చింది. డబ్బాలో వేశాం. కమల డబ్బా ఊపి చూసింది.

12 అక్టోబర్

గోవా. కవరు దళసరిగా ఉంది. లోపల బొమ్మలున్నాయని కమల అనుమానం. దీపానికి అడ్డం పెట్టి చూడబోతే హైమ లాక్కుంది. రూలంటే రూలు అంది.

ఆఫీసులో రాజేశం రోజుకోసారి వచ్చి కవర్ల సంగతి కనుక్కుంటున్నాడు. అతను సముద్రం ఎప్పుడూ చూడలేదు. నేను కోస్తా మనిషిని కాబట్టి పుట్టుకతోనే ఈత వచ్చని అతని నమ్మకం. అలలు ఎంత ఎత్తు ఉంటాయి, లోపలికి ఎంత దూరం పోవచ్చు అని అడిగాడు. అది సీజన్‌ని బట్టి ఉంటుందన్నాను.

20 అక్టోబర్, శనివారం

రెండున్నరకే అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మహాబలిపురం కవరు నిన్ననే వచ్చింది. మూడూ ఉన్నాయి. హైమ గడియారం చూస్తూ కూర్చుంది. కమల రెండు నిమిషాల ముందే మూడు కొట్టిందని ప్రకటించింది. అత్తగారు వంటింటి గడపలో పీట వేసుకున్నారు. పోశమ్మ గిన్నెలు వదిలి వచ్చి నిలబడింది.

మొదట పూరీ. గదులు మంచివే, గుడి నడిచి వెళ్ళేంత దగ్గర అని గొప్పగా రాశారు. అత్తగారు చెయ్యి అడ్డంగా ఊపారు. సాంకేతిక కారణాల వల్ల తిరస్కరణ అని రాశాను. కమల నవ్వి నవ్వి బల్ల కిందికి జారింది.

గోవా కవరులో నిజంగానే బొమ్మలున్నాయి. రంగు కాగితం, తెల్ల ఇసుక, చారల గొడుగు కింద ఒకావిడ. ఆవిడ వేసుకున్న బట్టలు చూసి అత్తగారు లోపలికి వెళ్ళిపోయారు. పోశమ్మ మాత్రం కాగితం తీసుకుని తీరిగ్గా చూసింది.

మహాబలిపురం లాడ్జి వాళ్ళది ఇంక్‌తో రాసిన ఒక పేజీ ఉత్తరం. లాడ్జి బస్టాండు పక్కన. సముద్రం పది నిమిషాల నడక. గదిలోంచి కనిపించదు. ఊళ్ళో రాతి గుడులున్నాయి గానీ పూజలు లేవు.

అందరూ సంతకాలు పెట్టారు. పోశమ్మ వేలిముద్ర వేస్తానంది. స్టాంపుప్యాడు లేదు, కాటుక వాడాం.

చాలా రోజుల తర్వాత ఇంట్లో గోల. గోలంతా పిల్లలదే. నేను మామూలుగానే ఉన్నాను. సాయంత్రం కూరగాయలకి వెళ్ళి కూరగాయలు లేకుండా వచ్చాను.

25 అక్టోబర్

దీపావళి. ఈ ఏడు మాకు లేదు. పిల్లలు గేటు దగ్గర నిలబడి చూశారు. సముద్రం దగ్గర తారాజువ్వ వేస్తే నీళ్ళలో పడుతుందా అని కమల అడుగుతోంది.

28 అక్టోబర్, ఆదివారం

కంపేరిటివ్ స్టేట్‌మెంట్ పూర్తి చేశాను. భోజనానికి ఇరవై మార్కులు, గదికి ఇరవై, ప్రయాణానికి ఇరవై, భద్రతకి నలభై. మహాబలిపురం మొదటి స్థానం. గోడకి అంటించి ఫలితం చదివాను.

హైమ దగ్గరికి వెళ్ళి అడ్డగళ్ళూ నిలువుగళ్ళూ వేలితో చూసుకుంటూ పోయింది. భద్రత కాలమ్ దగ్గర ఆగింది.

“నాన్నా, ఇందులో సముద్రం ఎంత దూరముంటే అంత ఎక్కువ మార్కులు వేశారు.”

అది భద్రత అన్నాను.

“సముద్రం చూడ్డానికి కదా వెళ్ళేది?”

ఇద్దరు పిల్లల్ని ఒక్కణ్ణే తీసుకెళ్తున్నాను, జాగ్రత్త ఉండాలి కదా అన్నాను. కమల కూడా వచ్చి చూసింది. కాసేపు పెదాలతో లెక్క వేసుకుంది.

“అట్లయితే మనింటికే ఫస్ట్ ర్యాంకు.”

అత్తగారు వంటింట్లో నవ్వు ఆపుకోవడం వినిపించింది. నాకు నవ్వు రాలేదు. స్టేట్‌మెంట్ సరిగానే ఉందని, మహాబలిపురం ఖాయమని చెప్పి బయటికి వెళ్ళాను. పటేల్‌గూడ దాకా నడిచాను.

29 అక్టోబర్

ఇది నా కోసం రాసుకుంటున్నాను కాబట్టి రాయవచ్చు.

అంతర్వేది. నాకు తొమ్మిదేళ్ళు. మాఘ పౌర్ణమి స్నానాలకి బళ్ళు కట్టుకుని వెళ్ళాం. నాన్న నా చెయ్యి పట్టుకుని దింపారు. మొదటి కెరటం, రెండో కెరటం. మూడోదానికి చెయ్యి జారింది. ఎంతసేపు అడుగున ఉన్నానో తెలీదు. పైన ఆకాశం గోధుమరంగులో ఉంది. ఎవరో జుట్టు పట్టి లాగారు. నాన్న అందరితో కలిసి నవ్వుతూ ఏం కాలేదన్నారు. ఏమీ కాలేదు కూడా.

ఆ తర్వాత నేను నీళ్ళలో దిగలేదు. కాకినాడలో నాలుగేళ్ళు చదువుకున్నాను, ఒడ్డుకి వెళ్ళలేదు. మంజీరా పిక్నిక్‌లోనూ బండ మీదే కూర్చున్నాను, చెప్పులు కాపలా కాస్తానని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాగేశ్వరికి కూడా. చెప్పేంత విషయం కాదు.

దానికీ వాయిదాలకీ సంబంధం లేదు. యుద్ధం నేను తెచ్చింది కాదు.

30 అక్టోబర్

ఎల్.టి.సి. ఫారం ఇచ్చాను. మహాబలిపురం. ముగ్గురు.

సాయంత్రం రాజేశం ఫారం పట్టుకుని వచ్చాడు. సెక్షన్ ఖాళీ అయ్యేదాకా ఆగి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“మీ ఫైల్ల ఇంక నలుగురున్నరు రావుసాబ్. ఫ్యామిలీ డిక్లరేషన్ మార్చలేదు మీరు. ఏప్రిల్‌ల్నే అడగాలె నేను. అడగబుద్ధి కాలె.”

రేపు ఇస్తానన్నాను.

“జల్దీ ఏం లేదు. డిసెంబర్ల ఇయ్యండ్రి. నా టేబుల్ మీదికెళ్ళి ఎక్కడికి పోదు.”

2 నవంబర్, శుక్రవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద కవరు ఉంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. శ్రీమతి కె. నాగేశ్వరి పేరున. కోవళం పోస్టాఫీసు ముద్ర.

హైమ కుర్చీ వెనక నిలబడి ఉంది. అమ్మ ఎప్పుడో ఉత్తరం రాసి ఉంటుందంది. నాకు తెలీదన్నాను. నిజంగా తెలీదు. కవరు రెండువైపులా చూసి చేతిలో పట్టుకున్నాను.

“విప్పకూడదు నాన్నా. గడువు దాటింది. తిప్పి పంపాలి కదా.”

ఆ పిల్ల గొంతులో వెక్కిరింపు ఉందో ఏడుపు ఉందో తెలీలేదు. అవును, రూలు అదే అన్నాను. సొరుగులో పెట్టి తాళం వేశాను.

3 నవంబర్

తిప్పి పంపలేదు. విప్పలేదు.

5 నవంబర్

హైమ మాట్లాడటం లేదు. కమల బిస్కట్ డబ్బా అటక మీద పెట్టేసింది. గచ్చు మీద ఈత ఆగిపోయింది. మహాబలిపురం గురించి ఎవరూ ఏమీ అడగడం లేదు.

స్టేట్‌మెంట్‌లో భద్రత మార్కులు ఇరవైకి తగ్గించి చూశాను. అప్పుడూ మహాబలిపురమే. ఆ మార్కులు తిరగేసి, సముద్రం దగ్గరున్నదానికి ఎక్కువ వేసి చూశాను. గోవా. ఎలా వేసినా మూడు ఊళ్ళ పక్కన, కోవళానికి ఉండాల్సిన నాలుగో గడి ఖాళీగా ఉంటోంది.

7 నవంబర్

పొద్దున కాఫీ ఇస్తూ అత్తగారు తాళంచెవి అడిగారు. ఎందుకన్నాను.

“మూడు కొటేషన్లు పిలిచింది మీరు. వాటికి గడువు పెట్టింది మీరు. ఈ ఉత్తరాన్ని మీరు పిలవలేదుగా బాబూ. ఇది మా అమ్మాయి పేరున వచ్చింది. మా అమ్మాయి ఏదో అడిగింది, వాళ్ళెవరో జవాబు చెప్పారు. దీనికి మీ రూలు ఎలా వర్తిస్తుంది?”

పద్దెనిమిదేళ్ళుగా పర్చేజ్‌లో పనిచేస్తున్నాను. పిలవని ఉత్తరానికి రూలు ఎక్కడా రాసి లేదు.

తాళంచెవి ఇచ్చాను. ఆవిడ సొరుగు తీసి కవరు తెచ్చి నా ముందే పెట్టారు. తను లేదు కాబట్టి విప్పాల్సింది మీరే అన్నారు. సాయంత్రం విప్పుతానన్నాను.

అదే రోజు, సాయంత్రం

అందరి ముందూ విప్పాను. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. పిల్లలకి తెలుగులో చదివి చెప్పాను. ఇక్కడా తెలుగులోనే రాసుకుంటున్నాను.

‘ప్రియమైన మేడమ్, మీరు మార్చిలో రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబిస్తున్నందుకు మన్నించాలి. మీ టౌన్‌షిప్ ఆస్పత్రిలో అప్పట్లో నర్సుగా ఉన్న మా మేనకోడలు మీ గురించి చెప్పింది. వానలు తగ్గేదాకా ఇంటి పైకప్పు పని తెమల్లేదు. ఇప్పుడు రెండు గదులు సిద్ధం. నేను స్కూల్ టీచర్‌గా రిటైరయ్యాను. మాది హోటల్ కాదు, ఇల్లే.

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. ఒకటి, పిల్లలకి కొబ్బరినూనె లేకుండా వండగలం. రెండు, రాత్రి దోమతెర ఉంటుంది. మూడు, మీ పెద్దమ్మాయి బొమ్మలు వేసుకోవడానికి బండల మీద మంచి చోటు ఉంది.

నాలుగోది మీ భర్త గురించి. ఆయనకి సముద్రమంటే భయమనీ, ఆ మాట ఆయన ఒప్పుకోరనీ, ఆయన్ని ఎవరూ నీళ్ళలోకి రమ్మని పిలవకుండా, నవ్వకుండా కూర్చునే చోటు ఉంటుందా అనీ అడిగారు. మా వరండాలో ఒక వాలుకుర్చీ ఆయన కోసం వేయిస్తాను. అక్కడి నుంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఎవరూ పిలవరు. మా ఆయన ముప్పై ఏళ్ళు ఇక్కడ బతికి ఏనాడూ చీలమండ దాటి నీళ్ళలో దిగలేదు. దిగాలనుకుంటే మాత్రం, ఇక్కడ బండల మధ్య నీళ్ళు చాలా దూరం వరకు మోకాలి లోతే.’

నాలుగోది పిల్లలకి చదవకుండా దాటేద్దామనుకున్నాను. చదవడం మొదలుపెట్టాక ఆగలేదు.

ఎవరూ నవ్వలేదు. కమల వచ్చి నా పక్కన నిలబడి, చీలమండ అంటే ఎక్కడ అని అడిగింది. వంగి చూపించాను.

8 నవంబర్

నేను ఎప్పుడూ చెప్పలేదు.

9 నవంబర్

తనకి మంజీరా దగ్గరే తెలిసి ఉంటుంది. చెప్పుల కాపలా.

10 నవంబర్, శనివారం

గోడ మీది స్టేట్‌మెంట్ తీసేశాను. ఆ చోట హైమ బీరువా తలుపు నుంచి బొమ్మ జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి అంటించింది. మైదా అంటుకుని వెనకంతా గట్టిపడింది. ఒక మూల చిరిగింది.

కోవళానికి జవాబు రాశాను. డిసెంబర్ 24 నుంచి 29. ముగ్గురం. వాలుకుర్చీ వేయించవలసింది అని ఒక వాక్యం చేర్చాను. మిగతా సంగతి రాయలేదు.

12 నవంబర్

రాజేశానికి ఫారం మార్చాలని చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు.

“ఒక్క ఊరు మీద నిలవడరు మీరు. మహాబలిపురం అంటిరి, నేను ఆఫీసర్‌ సాబ్‌తోటి సంతకం గూడ పెట్టిస్తి.” తర్వాత ఫారం చదివి, “గింత దూరమా! కిరాయి మొత్తం కంపెనీదే గదా, బరాబర్ చేసిండ్రు. దేశం కొసకే పోవాలె” అన్నాడు.

20 నవంబర్

సికింద్రాబాద్‌లో మూడు గంటలు క్యూలో నిలబడి బెర్తులు తెచ్చాను. డిసెంబర్ ఇరవై రెండు సాయంత్రం మద్రాసు బండి. మద్రాసులో పగలంతా ఖాళీ. ఎగ్మూరు నుంచి మీటర్‌గేజి బండి. టికెట్లు జేబులో పెట్టుకుని సంగారెడ్డి వెళ్ళే బస్సు ఎక్కి, మా స్టాపు దాటిపోయాక చూసుకున్నాను. రెండు స్టాపులు వెనక్కి నడిచాను. బాగానే ఉంది నడక.

2 డిసెంబర్

ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. పరీక్షలకి చదవమంటే హైమ త్రివేండ్రం నుంచి కోవళానికి బస్సు దారి గీస్తోంది. అత్తగారు చేగోడీలు, జంతికలు డబ్బాలకెత్తుతున్నారు. ఐదు రోజులకి అన్నెందుకంటే, సముద్రం గాలికి ఆకలి ఎక్కువ అన్నారు. నీళ్ళలో వేసుకోవడానికి పాత గౌన్లు పొట్టి చేశారు. నాకు ఒక పాత ప్యాంటు మోకాళ్ళ దాకా కత్తిరించారు. నాకెందుకన్నాను. కుర్చీలో కూర్చోడానికి అన్నారు, నా మొహం చూడకుండా.

కమల మళ్ళీ గచ్చు మీద ఈదుతోంది.

18 డిసెంబర్

ఫ్యామిలీ డిక్లరేషన్ ఇచ్చాను. రాజేశం తీసుకుని, చదవకుండా, ఫైల్లో బోర్లా పెట్టాడు.

“మంచిగ పోయిరాండ్రి. సముద్రం ఎట్లుంటదో వచ్చినంక నాకు వివరంగ చెప్పాలె. సీజన్‌ను బట్టి అని ఎగ్గొడితే ఒప్పుకోను.”

22 డిసెంబర్

సాయంత్రం బండి. పోశమ్మ సీసాని గుడ్డలో చుట్టి నా సంచిలోనే పెట్టింది. పిల్లలకి ఇవ్వలేదు.

24 డిసెంబర్, కోవళం

వచ్చాం. బస్సు మలుపు తిరగ్గానే కనిపించింది. కమల లేచి నిలబడింది. ఎన్ని మంజీరాలని అడిగిన పిల్ల లెక్క మరిచిపోయింది. హైమ నా చొక్కా మోచేతి దగ్గర పట్టుకుంది.

బొమ్మలో ఉన్నట్టే ఉంది. బొమ్మలో చప్పుడు లేదు. అంతే తేడా.

ఇంటావిడ గేటు దగ్గరికి వచ్చారు. తెల్ల చీర, నెరిసిన జుట్టు, కళ్ళజోడు. మేడమ్ తర్వాత వస్తున్నారా అని అడిగారు. ఏప్రిల్‌లో పోయిందని చెప్పాను. ఇంగ్లీషులో చెప్పడం తేలిక. ఇంతవరకు నోటితో ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. అక్కడ ఇంటి దగ్గర తెలిసినవాళ్ళందరికీ వేరే ఎవరో చెప్పారు.

ఆవిడ నా చేతిలోంచి ఒక సంచి తీసుకుని ముందు నడిచారు. వరండాలో వాలుకుర్చీ వేసి ఉంది. కొత్త గుడ్డ కుట్టించారు.

25 డిసెంబర్

రోజంతా కుర్చీలో. సముద్రం మొత్తం కనిపిస్తుంది. పిల్లలు అంచున తడుస్తున్నారు. ఇంటావిడ వాళ్ళతో ఉన్నారు. నన్ను ఎవరూ పిలవలేదు.

26 డిసెంబర్

ఎవరూ పిలవలేదు.

27 డిసెంబర్

పొద్దున కమల సీసా తీసుకెళ్ళి నింపి తెచ్చింది. అడుగున రెండు వేళ్ళ మందాన ఇసుక. పారబోసి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ ఇసుకే. అంచున కెరటం విరిగే చోట నీళ్ళు మురికిగా ఉంటాయి, కాస్త లోపలికి వెళ్తేనే మంచి నీళ్ళు దొరుకుతాయి అన్నాను. నాకు అమ్మమ్మ లోపలికి వెళ్ళొద్దని చెప్పింది అంది కమల. సీసా కుర్చీ చేతి మీద పెట్టింది.

“పోశమ్మ మీ చేతులతోనే ముంచి తెమ్మంది కద నాన్నా.”

అని ఆగింది. పిలవలేదు. ఉత్తరంలో ఇంటావిడ రాసిన మాట గుర్తుంది దానికి.

ప్యాంటు మార్చుకుని వచ్చాను. మెట్లు దిగి ఇసుకలో నడిచాను. హైమ బండ మీద బొమ్మ వేస్తోంది. కాగితాలు రాయి కింద పెట్టి దిగి వచ్చింది. చెయ్యి చాపింది. రెండో పక్క కమల. సీసా నా చంకలో.

మొదటి కెరటం పాదాల మీదికి వచ్చింది. చల్లగా లేదు. వెనక్కి పోతూ మడమల కింద ఇసుక తోడుకుపోయింది. నిలబడ్డాను. రెండోది చీలమండ దాటింది. “ఇంటావిడ వాళ్ళాయన్ని దాటేశారు నాన్నా” అని కమల గట్టిగా అంది. హైమ నవ్వింది. హైమ చెయ్యి వాళ్ళ అమ్మ చెయ్యిలాగే పొడిగా, గట్టిగా ఉంది.

మూడోది వస్తుంటే చూశాను. కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ ఇద్దరు పిల్లలున్నారు. మోకాళ్ళ దాకా వచ్చింది. ముగ్గురం కలిసి కాస్త ఊగాం. వెళ్ళిపోయింది.

సీసా ముంచాను. తేటగా ఉన్నాయి. ఇసుక రేణువు లేదు. మూత బిగించి, నోట్లో ఒక చుక్క వేసుకున్నాను. ఉప్పే. పోశమ్మకి చెప్పవచ్చు.

ఆకలి నిజంగానే ఎక్కువైంది. చేగోడీల డబ్బా ఒకటి ఖాళీ.

28 డిసెంబర్

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. పిల్లలు దోమతెరలో నిద్రపోతున్నారు. సీసా నిన్ననే నిండింది. ఈ రోజు దిగడానికి కారణమేమీ లేదు.

దిగాను. మోకాలి పైన నాలుగు వేళ్ళు.

నీళ్ళలోంచి తిరిగి చూస్తే ఇంటి వరండా కనిపించింది. నాగేశ్వరి అడిగి నాకోసం వేయించిన కుర్చీ ఖాళీగా ఉంది.